ఇడ్లీ మీద వీడ్కోలు రుసుము

బస్సు సాయంత్రం నాలుగున్నరకి. మేము బస్టాండుకి ఒంటిగంటన్నరకే చేరాం. ఆటో దొరకదేమో, దొరికితే టైరు పోతుందేమో, టైరు బాగుంటే రైలుగేటు పడుతుందేమో అని నేనే తొందరపెట్టాను. ఆటో ఇంటి ముందే దొరికింది. గేటు తెరిచే ఉంది. మూడు గంటలు మిగిలిపోయాయి.

"పోనీలే అక్కా, బస్సు కూడా తొందరపడి ముందే వచ్చేస్తే మనం సిద్ధంగా ఉంటాం" అంది తాయారు. నన్ను ఎగతాళి చేసేటప్పుడు దాని మొహం చాలా మర్యాదగా ఉంటుంది.

మంగతాయారు నా తోటికోడలు. నలభై ఒక్క ఏళ్ళు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకున్నాం. అన్నదమ్ములిద్దరూ పోయాక మేమిద్దరమే మిగిలాం. పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అన్న సంగతి మా మధ్య ఇప్పటికీ తేలలేదు. దాని కూతురు కర్ణాటకలో సింధనూరు దగ్గర తెలుగు రైతుల క్యాంపులో ఉంటుంది. ఆ పిల్లకి ఇరవై ఆరో తేదీన ఆపరేషన్. తల్లి దగ్గరుండాలి. "ఆర్నెల్లే అక్కా" అంది తాయారు.

ఇలాంటి మాటలు నాకు కొత్త కాదు. మా నాన్న కోతలయ్యాక వచ్చేస్తానని పనికి వెళ్ళాడు. ఎక్కడ కోస్తున్నాడో గాని ఆ కోతలు ఇంకా అవలేదు. మా ఆయన ఆసుపత్రికి వెళ్తూ, రేపు తిరిగొచ్చేటప్పుడు వేసుకుంటానని ఒక చొక్కా ఇస్త్రీ చేయించి సంచిలో పెట్టుకున్నాడు. ఆ చొక్కా ఒక్కటే మడత నలగకుండా తిరిగొచ్చింది. అందుకని ఎవరైనా ఊరు వెళ్తున్నామంటే నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంటాను. మూడు గంటలు ముందుగా బయల్దేరేది అందుకే.

సరే, ఆకలేసింది. బస్టాండులో ఒక క్యాంటీన్ ఉంది. దాన్ని ప్రయాణ ప్రాంగణ సౌకర్యాల మండలి వాళ్ళు నడుపుతారు. గుమ్మం పక్కన మనిషెత్తు బోర్డు మీద 'ఇడ్లీ రెండు, ఇరవై రూపాయలు. కాఫీ, పదిహేను రూపాయలు' అని రాసి ఉంది. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. ఈ బస్టాండులోనే, బస్సుల నుదుటి మీద ఊళ్ళ పేర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. ఫలానా ఊరని రాసి ఉన్న బస్సు ఆ ఊరే వెళ్తుంది కాబట్టి, బోర్డు మీద రాసినది జరిగి తీరుతుందని నాకు గట్టి నమ్మకం.

ఇద్దరం తలో ప్లేటు ఇడ్లీ, తలో కాఫీ తీసుకున్నాం. డెబ్బై రూపాయలు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. బిల్లు తొంభై రెండు వచ్చింది.

కింద చిన్న అక్షరాలతో 'వీ.రు. 22' అని ఉంది. వడ్డించిన గవర్రాజుని అడిగితే, అది వీడ్కోలు రుసుమని, మేనేజరుగారు విడమరిచి చెప్తారని అన్నాడు. మేనేజరు భుజంగరావుగారు విభూతి పెట్టుకున్న నెమ్మదైన మనిషి. ఆయన చెప్పినదాని సారాంశం ఇది. ప్రయాణికుడు ఎనిమిది నిమిషాల్లో తిని లేస్తాడు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు ఒక కాఫీ పెట్టుకుని సగటున యాభై మూడు నిమిషాలు బల్ల ఆక్రమిస్తారు. ఇది మండలివారి సర్వేలో తేలింది. కాబట్టి బోర్డు మీద ఉన్నది కేవలం ప్రయాణ ధర. వీడ్కోలు ధర వేరు.

"అది బోర్డు మీద రాయలేదే" అన్నాను.

"వీడ్కోలు ఎంత బరువుగా ఉంటుందో ముందుగా తెలియదు కదండీ మామ్మగారూ. బల్ల దగ్గర చూసి వెయ్యాలి."

గవర్రాజు జేబులోంచి ఒక చీటీ తీశాడు. మేము తింటున్నంతసేపూ అతను పెన్సిలు పట్టుకుని స్తంభం పక్కన నిలబడితే లెక్కలు చూసుకుంటున్నాడనుకున్నాను. ఆ చీటీలో గళ్ళున్నాయి. భుజంగరావుగారు దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. తన ప్లేటులోని ఇడ్లీ ఎదుటివారి ప్లేటులో వేయుట, ఒకటి. వద్దన్నను వేయుట, ఒకటి. 'చేరగానే ఫోన్ చెయ్యి' అనుట, నాలుగు. సంచి మూతి విప్పి పచ్చడి సీసా కారుతున్నదేమో చూచుట, మూడు. పైట కొంగుతో ముక్కు తుడుచుకొనుట, ఒకటి. 'వెళ్ళొస్తాను' అనుట, ఒకటి. మొత్తం పదకొండు. గురుతుకి రెండు రూపాయలు.

"ఫోన్ చెయ్యమని నాలుగుసార్లు అన్నానా?" అన్నాను.

"ఆరుసార్లు అన్నావక్కా. పాపం, మొహమాటపడి నాలుగే వేశాడు" అంది తాయారు.

అది డబ్బిచ్చేసి పోదామంది. నాకు మనసొప్పలేదు. రాసినదాని మీద నమ్మకం పోతే నేను మళ్ళీ నిరక్షరాస్యురాలినైపోతాను. భుజంగరావుగారు ఏమీ విసుక్కోకుండా, పైన కార్యాలయంలో అర్జీ పెట్టుకోవచ్చని మెట్లు చూపించారు.

పైన సౌకర్యాల అధికారి దక్షిణామూర్తిగారు మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. మండలి చరిత్రలో వీడ్కోలు రుసుము మీద ఇదే మొదటి అర్జీ అట. ఆయన కళ్ళు మెరిశాయి. ఒక కొత్త ఫైలు తెప్పించి, దాని మీద స్వయంగా పసుపు రాశారు. విచారణ తొమ్మిదో తేదీకి వేశారు.

"ఈవిడ ఇవాళే వెళ్ళిపోతున్నారండీ" అన్నాను.

ఆయన నియమావళి తెరిచి చదివారు. "వివాదము పరిష్కారము కాకమునుపు సదరు ప్రయాణికురాలు ప్రాంగణమును వీడి వెళ్ళినయెడల, వీడ్కోలు సంపూర్ణముగా జరిగినట్లు భావించబడును. అర్జీ దానంతట అదియే రద్దగును." తర్వాత మామూలు గొంతుతో, తాయారు ఉంటే కేసు ఉంటుందని, వెళ్తే పోతుందని అన్నారు. టికెట్టు చెల్లకుండా పోతుందన్న దిగులు అక్కర్లేదట. దాని మీద 'వివాదాధీనము' అని ముద్ర వేశారు. ఎప్పుడు తేలితే అప్పుడు ఆ బస్సెక్కవచ్చు.

నాలుగున్నర బస్సు కిటికీలోంచి కనిపిస్తూనే వెళ్ళిపోయింది. మేము ఆటోలో ఇంటికొచ్చాం. తాయారు ఆవకాయ సీసా సంచిలోంచి తీసి మళ్ళీ అలమారలో పెట్టింది. "నాలుగో తేదీ, తొమ్మిదో తేదీ, ఐదు రోజులేగా" అని కూతురికి ఫోన్లో చెప్పింది. ఆ పూట పులుసు నేను పెట్టాను. బెల్లం వేశాను. తాయారు మాట్లాడకుండా రెండోసారి పోయించుకుంది. ఆ రాత్రి నేను వాకిట్లోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

తొమ్మిదో తేదీన విచారణ క్యాంటీన్లోనే జరిగింది. సంఘటన ఎలా జరిగిందో కళ్ళారా చూస్తే తప్ప నిర్ణయించలేనని దక్షిణామూర్తిగారు, వీడ్కోలుని పునఃప్రదర్శించమని ఆదేశించారు. అదే బల్ల, అవే రెండు ప్లేట్లు. తాయారుకి ఆకలి లేదు. అయినా విచారణ కాబట్టి తినాలన్నారు. నేను నా ఇడ్లీ దాని ప్లేటులో వేశాను. అది వద్దంది. వేశాను. 'వెళ్ళొస్తాను' అని అది అనాల్సిన చోట అన్నప్పుడు, ఉత్తుత్తి మాటే అని తెలిసి కూడా నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గవర్రాజు గబగబా గీతలు గీశాడు. ఈసారి పద్నాలుగు వచ్చాయి.

"అర్జీదారు అభినయము సహజముగా నున్నది" అని దక్షిణామూర్తిగారు ఫైలులో రాసుకున్నారు. పునఃప్రదర్శనకి ఇరవై ఎనిమిది రూపాయల రుసుము, ఇడ్లీల ఖరీదు అదనం. తీర్పు వాయిదా.

వాయిదా అన్న మాటకి అర్థం నాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. ఇంటికొస్తూ దాన్ని మనసులో రెండు మూడుసార్లు అనుకున్నాను. వినడానికి చాలా చల్లగా ఉంది.

ఈలోగా మా కేసు సంగతి ఊరంతా పాకింది. బల్ల దగ్గర రాసుకుంటున్నారని తెలిసి జనం జాగ్రత్తపడ్డారు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు ప్రయాణమయ్యేవాళ్ళతో కలిసి కూర్చోవడం మానేశారు. తల్లి ఒక బల్ల దగ్గర, ఉద్యోగానికి వెళ్ళే కూతురు ఇంకో బల్ల దగ్గర, ఒకరినొకరు ఎరగనట్టు గోడకేసి చూస్తూ తినేవారు. కొత్త కోడల్ని అత్తారింటికి పంపే బృందం ఒకటి ఆరు బల్లల మీద విడివిడిగా కూర్చుని, ఏడవాలనిపించినప్పుడు ఒక్కొక్కరే చేతులు కడుక్కునే పంపు దగ్గరికి వెళ్ళి వచ్చారు. ఆరోజు పంపు ముందు వరస గేటు దాకా వచ్చింది.

మండలి ఊరుకోలేదు. చీటీలో కొత్త గడి చేర్చింది. తెలియనట్టు నటించుట, గురుతుకి నాలుగు రూపాయలు. దాంతో నిజంగా ఒకరినొకరు తెలియనివాళ్ళందరికీ నాలుగేసి రూపాయలు పడడం మొదలైంది. వాళ్ళు గొడవ చేశారు. న్యాయమే కదా అని మండలి ఒక కిటికీ తెరిచి, అపరిచిత ధ్రువపత్రాలు ఇవ్వసాగింది. ఒకే బల్ల దగ్గర కూర్చోదలిచిన ఇద్దరూ కలిసి వచ్చి, తాము ఎవరికెవరం కామని సంతకాలు పెట్టాలి. వరస పొడుగ్గా ఉండేది. నిలబడినవాళ్ళు ఏం చేస్తారు, మీదే ఊరు, పిల్లలెందరు అని మాట్లాడుకునేవారు. కిటికీ దగ్గరికి చేరేసరికి అర్హత పోగొట్టుకునేవారు. ఆ వరసలో ఒక సంబంధం కూడా కుదిరిందని చెప్పుకున్నారు. పెళ్ళిచూపులు రుసుము కిందికి వస్తాయో రావో మండలి ఇంకా తేల్చలేదట.

ఇవన్నీ నేను విచారణకి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. పదమూడో తేదీన వెళ్ళాం. తాయారు కింద బల్ల దగ్గర కూర్చుంటే నేను పైకెళ్ళి, నియమావళి నకలు కావాలని అర్జీ రాసిచ్చాను. చదవడానికి నాలుగు రోజులు పడతాయన్నాను. పదిహేడుకి వేశారు. పదిహేడున, బోర్డు ఫోటో తీయించి ఇస్తానని అలాగే రాసిచ్చాను. ఇరవై ఒకటికి వేశారు. దక్షిణామూర్తిగారు నన్ను చూస్తే లేచి నిలబడేవారు. నియమాల మీద ఇంత శ్రద్ధ ఈ రోజుల్లో ఎవరికుందని తన కిందివాళ్ళతో అన్నారట. కార్యాలయం నోటీసు బోర్డు మీద మా కేసుకి విడిగా ఒక మేకు కొట్టించారు.

ఇంటి దగ్గర తాయారు కూతురికి చెప్పే మాటలు పొట్టివైపోయాయి. "వస్తానమ్మా, వస్తాను" అని పెట్టేసేది. రోజూ కేలండర్ ముందు కాసేపు నిలబడేది. నేను అటు చూసేదాన్ని కాదు. బెల్లం వేసిన పులుసు పెట్టేదాన్ని. అది ఏమీ అనేది కాదు. నలభై ఒక్క ఏళ్ళలో అది పులుసుకి వంక పెట్టని రోజులు అవే.

పంతొమ్మిదో తేదీ పొద్దున్నే తాయారు ఒక్కతే బయటికి వెళ్ళి, పది గంటలకి తిరిగొచ్చింది. నేను బియ్యం ఏరుతున్నాను. అది నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చేతిలో కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. పైన కార్యాలయంలో తొందరగా తేల్చండని అడగబోతే, వాయిదాలన్నీ అర్జీదారు కోరినవేనని దక్షిణామూర్తిగారు గౌరవంగా నకళ్ళిచ్చారట.

"అక్షరాలు గుండ్రంగా కుదిరాయక్కా. నీ చేత్తో రాసినవి ఇన్ని నేనెప్పుడూ చూడలేదు" అంది.

నేను బియ్యంలో రాళ్ళు వెతికాను. రాళ్ళు లేవు.

"ఇరవై రెండు రూపాయల కోసం కాదన్నమాట."

"కాదు" అన్నాను.

అది కాగితాలు మడిచి పక్కన పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నెమ్మదిగా, "అది మత్తులోంచి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నేను లేకపోతే ఎలాగక్కా?" అంది.

ఆ పిల్లకి మొదటి అన్నం ముద్ద నా చేత్తోనే పెట్టాను. నా అర్జీల్లో ఎక్కడా ఆ సంగతి రాయలేదు. రేపే తేల్చేసుకుందాం, డబ్బు కట్టేస్తాను, పద అన్నాను. అది లేచి అలమారలోంచి ఆవకాయ సీసా తీసి, మూతికి గుడ్డ కట్టింది.

మర్నాడు ఒంటిగంటన్నరకే వెళ్ళాం. ఈసారి తొందరపెట్టింది తాయారు. రుసుము కట్టేసి కేసు వదులుకుంటానని చెప్తే దక్షిణామూర్తిగారి మొహం వాడిపోయింది. పదహారు రోజుల ఫైలు, నలభై ఎనిమిది పుటలు, తీర్పు లేకుండా మూయడమా అన్నారు. అయినా కలం తీశారు. అప్పుడు తాయారు, గవర్రాజు చీటీ ఒకసారి చూపించమంది.

"ఇందులో 'వెళ్ళొస్తాను' అనడానికి కూడా రెండు రూపాయలు వేశారు. మీరు పొద్దున్న ఇంట్లోంచి ఏమని చెప్పి బయల్దేరారు బాబూ?"

దక్షిణామూర్తిగారు ఆలోచించారు. "వస్తానని చెప్పాను."

"మా ఇళ్ళల్లోనూ అంతే. వెళ్తున్నానని ఎవరూ అనరు. అంటే కొట్టినంత పని చేస్తారు. వస్తానని మాటిచ్చి వెళ్ళేదాని దగ్గర వీడ్కోలు రుసుము ఎలా తీసుకుంటారు? నేను రాకపోతే అప్పుడు తీసుకోండి."

 దక్షిణామూర్తిగారు నియమావళి ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పారు. ఆయన మొహం మళ్ళీ వెలిగింది. అరగంటలో తీర్పు రాయించి నిలబడి చదివారు.

"సదరు ప్రయాణికురాలు తిరిగి వచ్చెదనని వాగ్దానము చేసియున్నందున, వీడ్కోలు ఇంకను సంపూర్ణము కాలేదు. అటులని జరుగలేదనుటయు వీలుకాదు. కావున వసూలు చేయు ఇరవై రెండు రూపాయలు రాక కొరకు ధరావతుగా ఉంచుకొనబడును. ఆరు నెలల లోపున ఉభయులును స్వయముగా హాజరై, రసీదు రెండు ముక్కలును జతచేసి చూపినయెడల వాపసు ఇవ్వబడును. లేనియెడల మండలికి జమ."

పునఃప్రదర్శన రుసుము సంగతి అడగబోయాను. అది కళకి సంబంధించినదని, వాపసు లేదని అన్నారు.

ఇరవై రెండు రూపాయలు కట్టాను. గుమస్తా రసీదు రాసి, స్కేలు పెట్టి మధ్యకి చింపి, చెరో ముక్క ఇచ్చాడు. నా ముక్క మీద 'ఇరవై' అని, తాయారు ముక్క మీద 'రెండు రూపాయలు' అని పడింది.

బస్సు నాలుగూ ఇరవైకి వచ్చింది. నుదుటి మీద ఊరి పేరు ఉంది. చదివాను. తాయారు కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. సీసా కారుతోందేమో చూడమన్నాను. చూసింది. చేరగానే ఫోన్ చెయ్యమన్నాను. అది లోపల్లోపల లెక్కపెడుతోందని దాని వేళ్ళు చూస్తే తెలిసింది. రసీదు ముక్కని కొంగున వేసి గట్టిగా ముడేసుకుంది.

"పారేసుకుంటావేమో" అన్నాను.

"నువ్వు పారేసుకోకు. నా రెండు రూపాయలకి నీ ఇరవై కావాలి" అంది. బస్సు కదిలాక కిటికీలోంచి మొహం బయటపెట్టి, "పాపం మండలికి వదిలేస్తానా అక్కా? వెళ్ళొస్తా" అంది. అని, పులుసులో బెల్లం తగ్గించమని కూడా అంది.

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.   చేతిలో కాగితం ముక్క చెమటకి మెత్తబడింది. దాన్ని జాకెట్లో పెట్టుకుని క్యాంటీన్లోకి వెళ్ళి, అదే బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగాను.

గవర్రాజు పెన్సిలు తీశాడు. "ఎవరినైనా పంపడానికి వచ్చారా మామ్మగారూ?"

"పంపేశాను. ఇప్పుడు ఒకరు రావాలి, ఎదురుచూస్తున్నాను."

అతను చీటీ అటూ ఇటూ తిప్పాడు. ఎదురుచూడ్డానికి అందులో గడి లేదు. భుజంగరావుగారిని పిలిచాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని బోర్డు చూశారు, చీటీ చూశారు. ఇది ప్రయాణ ధర కిందికీ రాదు, వీడ్కోలు ధర కిందికీ రాదు, మండలికి రాసి జవాబు వచ్చేదాకా బిల్లు చెయ్యలేనని అన్నారు. రాయండి, నాకేమీ తొందర లేదన్నాను.

ఇంతకీ ఏ బస్సుకని, వేళ రాసుకోవడానికి, గవర్రాజు అడిగాడు.

ఆర్నెల్లకి వచ్చే బస్సని చెప్పాను. ఇంత ముందుగా నేను కూడా ఎప్పుడూ రాలేదు.